పాట మాటను తెస్తుందా?

చిలకలగూడ నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరు ప్రకటించవద్దని కోరారు. ఇటువంటి అనుమానాలే చాలా ఇళ్లలో ఉంటాయి కనుక ఉత్తరాన్ని కొంచెం కుదించి ఇక్కడ ఇస్తున్నాను.

"డాక్టరు గారికి నమస్కారాలు. మా మామగారు రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. వయస్సు 71 సంవత్సరాలు. నాలుగు నెలల క్రితం పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. వైద్యం చేయించాం. ఇప్పుడు కర్ర పట్టుకుని వరండాలో నాలుగడుగులు వేస్తున్నారు. మాట మాత్రం రాలేదు. మంచినీళ్లు కావాలన్నా 'అది... అది' అంటారు. మాకు అర్థం కాకపోతే కోపం వచ్చి ఏడుస్తారు. పోయిన నెల ఒక రాత్రి మా అబ్బాయి ఫోనులో శ్రీకృష్ణ రాయబారం పద్యాలు పెట్టాడు. మామగారు వయస్సులో ఉండగా నాటకాలు వేసేవారట. ఉన్నట్టుండి గొంతు కలిపి పద్యం మొత్తం పాడేశారు. ఒక్క మాట తప్పు పోలేదు. మేమంతా నిర్ఘాంతపోయాం. పద్యం అవగానే 'మంచినీళ్లు ఇవ్వనా మామయ్యా?' అంటే మళ్లీ 'అది... అది'. మా ఆడబిడ్డ, 'నాన్న కావాలనే మాట్లాడటం లేదు, మన మీద అలిగారు' అంటోంది. మావారి స్నేహితుడొకాయన ఏదో రాగం రికార్డు పంపి, రోజూ వింటే బి.పి. దానంతటదే దిగుతుంది, మాత్రలు మెల్లిగా మానిపించవచ్చు అన్నారు. నెల నెలా మందుల ఖర్చు మాకు భారంగానే ఉంది. సంగీతంతో జబ్బు నయమవుతుందా? మాత్రలు ఆపవచ్చునా? ఆయనకు మాట వస్తుందా?"

అమ్మా, మీరు అడిగిన ప్రశ్నలలో మాత్రల సంగతికి ముందు జవాబు చెబుతాను. ఎందుకంటే మిగిలిన రెండింటికీ కొంత వ్యవధి ఉంది, దీనికి లేదు.

మాత్రలు ఆపవద్దు. ఒక్క పూట కూడా ఆపవద్దు. పక్షవాతం ఒకసారి వచ్చినవారికి రెండోసారి వచ్చే ప్రమాదం మిగిలినవారికంటె ఎక్కువ. దానికి దారితీసే కారణాలలో అదుపు తప్పిన రక్తపోటు మొదటి వరుసలో ఉంటుంది. కొన్ని రకాల బి.పి. మందులను హఠాత్తుగా మానేస్తే రక్తపోటు మునుపటికంటె పైకి ఎగబాకుతుంది కూడా. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్ర ఉంటే అదీ అంతే. ప్రశాంతమైన సంగీతం వింటున్నప్పుడు గుండె వేగం కొంచెం తగ్గుతుంది, రక్తపోటు కూడా కాస్త దిగవచ్చు. కాదనను. కాని పాట ఆగిన తర్వాత రాత్రి రెండు గంటలకు, తెల్లవారుజామున అయిదు గంటలకు మీ మామగారి రక్తనాళాలను కాపాడేది ఎవరు? మాత్రే.

ఖర్చు సంగతి దాచుకోకండి. మీ డాక్టరుతో చెప్పండి. అదే మందు తక్కువ ధరకు జెనరిక్ రూపంలో దొరకవచ్చు. మీ మామగారు రైల్వే రిటైర్డ్ ఉద్యోగుల ఆరోగ్య పథకంలో చేరి ఉంటే లాలాగూడ రైల్వే ఆస్పత్రి మీకు ఎంతో దూరం లేదు. కార్డు ఎక్కడుందో ఇవాళే వెతకండి. రిటైరైన రోజుల్లో తీసుకున్న కార్డు ఏ ట్రంకుపెట్టె అడుగునో ఉండిపోవటం మన ఇళ్లలో కొత్త కాదు.

ఫలానా రాగం ఫలానా జబ్బుకు అంటూ పట్టికలు చాలాకాలంగా తిరుగుతున్నాయి. ఆనందభైరవి రక్తపోటుకు, ఇంకోటి మధుమేహానికి, మరోటి కీళ్లనొప్పులకు. మన సంగీతంలో ఇటువంటి కథలకు లోటు లేదు. శిష్యుడి కడుపునొప్పి తగ్గటానికి ముత్తుస్వామి దీక్షితులు అఠాణ రాగంలో 'బృహస్పతే' కీర్తన చేశారని చెప్పుకుంటారు. త్యాగయ్యగారు బిలహరిలో 'నాజీవాధార' పాడి ప్రాణం పోయినవాణ్ణి లేపారని చెప్పుకుంటారు. అవి భక్తితో వినవలసిన కథలు. వాటిని మందుల చీటీగా మార్చటం ఆ మహానుభావులకు గౌరవం కాదు. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు కూడా సంగీత చికిత్స మీద ఎంతో శ్రద్ధ చూపారు. ఆ విషయంలో కృషి జరగవలసిందే. అయితే ఒక రాగానికీ ఒక జబ్బుకూ తాళంచెవి, తాళంకప్ప లాంటి సంబంధం ఉన్నదని నమ్మదగిన పరీక్షలలో ఇంతవరకు తేలలేదు. తేలినదేమిటంటే, రోగికి ఇష్టమైన పాట రోగికి మేలు చేస్తుందని. మీ మామగారికి రాయబారం పద్యం చేసే మేలు ఆ స్నేహితుడు పంపిన రికార్డు చెయ్యదు.

ఇప్పుడు మాట సంగతి. ముందుగా మీ ఆడబిడ్డగారికి ఒక్క మాట. మీ నాన్నగారు అలగలేదమ్మా. ఆయన నటించటం లేదు. మీరనే మాటలు ఆయనకు చాలావరకు అర్థమవుతూ ఉండవచ్చు, జవాబు నోటిదాకా వచ్చి ఆగిపోతున్నది. ఆ కన్నీళ్లు అందుకే. ఆయన ఎదుట 'కావాలనే చేస్తున్నారు' అని దయచేసి అనకండి.

మనలో ఎక్కువమందికి మాట్లాడే శక్తి మెదడు ఎడమ భాగంలో ఉంటుంది. శరీరం కుడివైపును నడిపేదీ ఎడమ మెదడే. అంచేత అక్కడ రక్తనాళం మూసుకుపోతే కుడి చెయ్యి, కుడి కాలుతో పాటు మాట కూడా పోతుంది. 1861లో పారిస్ లో బ్రోకా అనే డాక్టరు 'టాన్' అనే ఒక్క శబ్దం తప్ప మరేదీ పలకలేని రోగి మెదడును, అతడు మరణించిన తర్వాత పరీక్షించి ఎడమవైపు ముందుభాగంలో దెబ్బ ఉన్నదని చూపించాడు. అంతకు చాలాముందే, 1745లో, స్వీడన్ లో ఒకరు ఇంకో చిత్రం రాసిపెట్టారు. జబ్బువల్ల మాట పడిపోయిన మనిషి చర్చిలో తనకు తెలిసిన కీర్తనలను స్పష్టంగా పాడుతున్నాడని! మీ ఇంట్లో జరిగినది సరిగ్గా అదే.

ఇది ఎలా సాధ్యం? 'మాట ఎడమ మెదడుది, పాట కుడి మెదడుది' అని సులువుగా చెప్పేస్తూ ఉంటారు. వ్యవహారం అంత సులువు కాదు. రాగాన్ని పట్టుకోవటంలో కుడి మెదడుకు పెద్ద వాటా ఉన్న మాట నిజమే. దానికి తోడు లయ ఉంది. అన్నింటికీ మించి కంఠతా వచ్చినది వేరు, అప్పటికప్పుడు కూర్చి చెప్పేది వేరు. ఒకటి నుంచి పది దాకా అంకెలు, వారాల పేర్లు, చిన్నప్పటి దండకం, ఇవన్నీ ఒకసారి మొదలుపెడితే వాటంతటవే దొర్లిపోతాయి. ఇటువంటి రోగులలో కొందరు తిట్లు కూడా తడుముకోకుండా తిడతారు. పెద్దాయన నోట అటువంటి మాట వచ్చినా మనస్సుకు పట్టించుకోకండి. పద్యం అలా దొర్లినదే. 'మంచినీళ్లు కావాలి' అన్నది మాత్రం ప్రతిసారీ కొత్తగా కట్టవలసిన వాక్యం. దెబ్బతిన్న తావు అది.

అయితే పద్యం వచ్చినందువల్ల లాభం లేదా? ఉంది. గొంతు, నాలుక, పెదవులు పనిచేస్తున్నాయని అది చెబుతోంది. ఆ దారినే మాటను తీసుకురావటానికి 1973లో అమెరికాలోని బోస్టన్ డాక్టర్లు ఒక పద్ధతి ప్రకటించారు. మాటను పాటలాగా అనిపించి, మెల్లమెల్లగా పాటను తీసేసి మాటను మిగల్చటం దాని సారాంశం. 2011లో అమెరికాలో గాబ్రియెల్ గిఫర్డ్స్ అనే పార్లమెంటు సభ్యురాలికి తలలో తుపాకి గుండు దూసుకుపోయి మాట పడిపోతే, ఆమెకు ఇచ్చిన శిక్షణలో పాటకు పెద్ద పాత్రే ఉంది.

ఈ పద్ధతిని స్పీచ్ థెరపిస్టు దగ్గర నేర్చుకోవటం మంచిది. బోయినపల్లి మనోవికాస్ నగర్ లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థవారి ప్రాంతీయ కేంద్రం ఉంది. వినికిడి, మాట లోపాలకు అక్కడ పరీక్ష, శిక్షణ ఉంటాయి. ఒకసారి తీసుకువెళ్లండి. ఇంట్లో ఎలా సాగుతుందో చెబుతాను.

టీవీ కట్టేసి ఆయనకు ఎదురుగా కూర్చోండి. ఆయనకు రోజూ అవసరమయ్యే చిన్న మాటలు రెండో మూడో ఎంచుకోండి. 'నీళ్లు కావాలి' అనుకుందాం. దానికి పెద్ద రాగం అక్కరలేదు, రెండే స్వరాలు చాలు, ఒకటి కింద, ఒకటి పైన. పాపాయిని ఊయలలో ఊపుతూ పిలిచినట్టు, 'నీ... ళ్లు... కా... వా... లి' అని సాగదీసి అనండి. ప్రతి అక్షరానికీ ఆయన ఎడమచేతిని పట్టుకుని తొడమీద ఒక్కసారి తట్టించండి. మొదట మాటలు లేకుండా కూనిరాగం ఒక్కటే. తర్వాత ఇద్దరూ కలిసి మాటతో పాడండి. బాగా కుదిరాక మీరు సగంలో ఆపండి, ఆయన పూర్తి చేస్తారు. ఆ తర్వాత మీరు పాడి ఆపితే ఆయన తిరిగి అంటారు. ఆ మీదట 'ఏం కావాలి మామయ్యా?' అని అడిగితే జవాబుగా అంటారు. అప్పుడు రాగాన్ని కొంచెం కొంచెం తగ్గిస్తూ మామూలు మాటలోకి దించాలి. ఒక మెట్టు కుదరకపోతే కిందిమెట్టుకు రండి. తొందరపెట్టవద్దు. పది, పదిహేను నిమిషాల చొప్పున రోజుకు రెండుమూడుసార్లు చాలు.

ఇందులో మూడు జాగ్రత్తలు. భోజనం చేస్తుండగా పాడించవద్దు, పక్షవాతం వచ్చినవారికి మింగటంలో ఇబ్బంది ఉంటే పొలమారుతుంది. రంగస్థలం మీద తీసినట్టు ఊపిరి బిగబట్టి దీర్ఘంగా రాగం తియ్యనివ్వకండి, ఆయాసపడకుండా పాడితే చాలు. మూడోది, చుట్టాలు వచ్చినప్పుడల్లా 'ఏదీ, ఆ పద్యం ఒకసారి పాడండి' అని వినోదం చెయ్యకండి. మాట రాక కుమిలిపోతున్న మనిషిని నలుగురి ఎదుట చిలకను చేసినట్టవుతుంది.

మాట వస్తుందా అని అడిగారు. ఎదుటివారి మాట బాగా అర్థమవుతూ, తాము మాత్రం అనలేకపోతున్నవారిలో ఈ పద్ధతి ఎక్కువగా పనిచేస్తుంది. సాధన చేసిన మాటలు ముందు వస్తాయి. ధారాళంగా కబుర్లు చెప్పేటంత రావటం అందరిలోనూ జరగదు. తొలి నెలల్లో కోలుకోవటం ఎక్కువ, ఆ తర్వాత కూడా నెమ్మదిగా సాగుతుంది. నాలుగో నెలలో ఉన్నారు కనుక ఇప్పుడు గట్టిగా పట్టుకోవాలి. 'నీళ్లు', 'నొప్పి', 'బయటికి' అనే మూడు మాటలు వచ్చినా ఆ ఇంట్లో ఎంత శాంతి వస్తుందో మీకే తెలుసు.

పాడించటం ఒకటి, వినిపించటం ఒకటి. ఫిన్లండ్ లో పక్షవాతం వచ్చిన కొత్తలో కొందరికి రెండు నెలలపాటు రోజుకు కనీసం గంటసేపు వారికి నచ్చిన సంగీతం వినిపించారు. కొందరికి కథల పుస్తకాలు చదివి వినిపించే రికార్డులు, కొందరికి ఏదీ లేదు. 2008లో వెలువడిన ఆ ఫలితాలలో సంగీతం విన్నవారికి మాటల జ్ఞాపకం, ఏకాగ్రత బాగా మెరుగయ్యాయి, దిగులు తక్కువగా ఉంది. పక్షవాతం వచ్చినవారిలో సుమారు మూడోవంతు మందికి దిగులు జబ్బు పట్టుకుంటుందని గుర్తుంచుకోండి. రోజంతా గోడవైపు తిరిగి పడుకుంటున్నా, అన్నం సయించకపోయినా డాక్టరుకు చెప్పాలి. దానికి వేరే మందు ఉంది.

పొద్దున ఒక అరగంట, సాయంత్రం ఒక అరగంట పెట్టండి. పొద్దుటినుంచి రాత్రిదాకా మోగిస్తే అది సంగీతం కాదు, రొద. ఏ పాట పెట్టాలో ఆయననే ఎన్నుకోనివ్వండి, రెండు పాటల మొదళ్లు వినిపించి తల ఊపమనండి. ఒక్కొక్క పాట పోయినవారిని గుర్తుకు తెస్తుంది. కన్ను చెమ్మగిల్లితే పరవాలేదు, వెక్కివెక్కి ఏడుస్తుంటే ఆ పాట తీసేయండి.

నడకకు కూడా లయ సాయం చేస్తుంది. పార్కిన్సన్ జబ్బులోనూ, పక్షవాతంలోనూ తాళానికి అడుగు కలిపి నడిపిస్తే అడుగు పొడవు, వేగం మెరుగుపడటం 1990ల నుంచి పరీక్షలలో చూస్తున్నారు. మీ మామగారు ఇప్పుడు నడిచే వేగమెంతో చూసి, ఆ వేగానికే ఎవరైనా చప్పట్లతో తాళం వెయ్యండి. తాళాన్ని ఆయన నడకకు కలపాలి. ఆయనను తాళం వెంట పరుగెత్తించకూడదు. బలహీనంగా ఉన్న కుడివైపున ఒక మనిషి తప్పనిసరిగా ఉండాలి. ముందు ఫిజియోథెరపిస్టుకు చెప్పి మొదలుపెట్టండి.

చివరగా మీ ఇంట్లో అందరికీ తెలియవలసినది. పాడుతున్న మనిషి హఠాత్తుగా తడబడినా, మూతి ఒక పక్కకు వాలినా, బాగున్న చెయ్యి జారిపోయినా మర్నాటిదాకా ఆగవద్దు. వెంటనే 108కి ఫోను చెయ్యండి. గడ్డను కరిగించే ఇంజక్షను లక్షణాలు కనిపించిన నాలుగున్నర గంటల లోపునే ఇవ్వాలి. ఎన్ని గంటలకు మొదలైందో చూసుకోవటం మరవకండి.

ఇదే విషయం మీద వచ్చిన మరో రెండు ఉత్తరాలు.

వారాసిగూడ నుంచి ఒక యువకుడు, తన తల్లికి పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషను నిర్ణయించారని, ఆమె భయంతో వారంరోజులుగా నిద్రపోవటం లేదని, ఆస్పత్రిలో పాటలు వింటానంటే డాక్టర్లు నవ్వుతారేమోనని రాశారు.

నవ్వరు. మీ ఇళ్లకు దగ్గరలోనే ఉన్న గాంధీ ఆస్పత్రిలో 2022 ఆగస్టులో ఏం జరిగిందో మీరు పత్రికలలో చూసే ఉంటారు. ఒక మహిళకు మెదడులో కంతి తీయవలసి వచ్చింది. ఆపరేషను జరుగుతుండగా మాట, కదలిక దెబ్బతినకుండా కనిపెట్టటానికి అటువంటప్పుడు రోగిని మేలుకునే ఉంచుతారు. తలకు మత్తు సూది ఇచ్చి, మెదడు మీద ఆపరేషను చేస్తూ, ఆమె అభిమానించే చిరంజీవి నటించిన 'అడవి దొంగ' సినిమాను చూపించారు, కబుర్లు చెప్పించారు. దీన్ని సంగీత చికిత్స అనటానికి లేదు కాని, సూత్రం ఒక్కటే. భయపడే మనిషికి తనదైన దాన్ని చేతికిస్తే భయం తగ్గుతుంది.

2015లో లాన్సెట్ వైద్యపత్రికలో 73 పరీక్షలను కలిపి చూసిన వ్యాసం వచ్చింది. ఆపరేషనుకు ముందుగాని, జరుగుతుండగా గాని, తర్వాతగాని సంగీతం విన్నవారికి నొప్పి, ఆందోళన తగ్గాయి, నొప్పి మందులు తక్కువ సరిపోయాయి. కాబట్టి అమ్మగారికి ఇష్టమైన పాటలు పదో పదిహేనో సిద్ధం చేయించండి, ఆమెనే చెప్పనివ్వండి. మత్తు డాక్టరును ముందురోజే అడగండి. లోపలికి ఫోను అనుమతించకపోతే ఆపరేషనుకు ముందు వార్డులోనూ, మెలకువ వచ్చిన తర్వాతా వినిపించండి. నొప్పి మందు ఇవ్వవద్దని మాత్రం అనకండి. ఆమె అడిగినప్పుడు ఇవ్వవలసిందే.

సీతాఫల్ మండి పాఠకుడొకరిది ఫిర్యాదు. తండ్రిని చేర్చిన ఆస్పత్రి వార్డులో పక్క మంచం వారు తెల్లవారుజామున అయిదింటికే ఫోనులో సుప్రభాతం గట్టిగా పెడుతున్నారని, సంగీతం ఆరోగ్యానికి మంచిదే కదా అని ఎదురు అడుగుతున్నారని రాశారు.

మీదే న్యాయం. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం ఆస్పత్రుల చుట్టూ వంద మీటర్లను నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించవచ్చు. బయట వీధికే ఆ కట్టడి ఉంటే లోపల వార్డు మాట చెప్పనక్కరలేదు. రాత్రంతా నొప్పితో మేలుకుని అప్పుడే కన్ను మూసినవారికి ఎంత మంచి పాటైనా శిక్షే. పోట్లాట వద్దు, పగలు వారు తీరికగా ఉన్నప్పుడు మెల్లిగా చెప్పండి, ఇయర్ ఫోన్ పెట్టుకోమనండి. వినకపోతే వార్డు సిస్టరు గారికి చెప్పండి, ఆమె చూసుకుంటారు. ఇయర్ ఫోన్ వాడేవారు కూడా పక్కనున్న మనిషి మామూలుగా పిలిస్తే వినబడేటంత శబ్దమే పెట్టుకోవాలి.